దుంపకు కన్నుండాలి

పట్టాలు పుచ్చుకున్న ఉద్యాన పట్టభద్రులందరికీ అభినందనలు.

మీలో కొందరు రేపు పూలతోట వేస్తారు. మొక్క వేరు పట్టకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరుస్తారు. ‘తోట వదిలేసి ఆ ఫోనేంటి?’ అని ఇంట్లో చీవాట్లు తింటారు. ఆ ఫోను వెనకున్నది సరదా ఒక్కటే కాదు, భయం కూడా.

అమెరికాలో చిన్న పూలరైతుల కథ చూడండి. కొకైన్ తయారీకి వాడే కోకా సాగుకు బదులు వేరే బతుకుదెరువు చూపించాలని 1991లో ఆ దేశం చేసిన చట్టంతో ఆండీస్ దేశాల పూలకు సుంకం లేకుండా పోయింది. కొలంబియా, ఈక్వెడార్ గులాబీలు విమానాల్లో మయామీలో దిగాయి. ధరలో వాటితో పోటీపడలేని చిన్న రైతు, దూరప్రయాణానికి ఓర్వలేని పూలను నమ్ముకున్నాడు. డాలియా అలాంటిదే. కోశాక నాలుగైదు రోజులకు మించి నిలవదు. అందుకే కత్తెర పట్టకముందే కొనేవాళ్లు సిద్ధంగా ఉండాలి. ఫాలోవర్ల కోసం ఆరాటం అక్కడ మొదలైంది.

అక్కడ చలికాలం పూలుండవు. అప్పుడు డాలియా దుంపలే ఆదాయం. ఫలానా రోజు, ఫలానా గంటకు అమ్మకమని ముందే ఊరిస్తారు. దుంప పెరగడానికి ఒక సీజనంతా పడుతుంది కాబట్టి కొరత నిజమే. అరుదైన రకాలు నిమిషాల్లో అయిపోతాయి. చిక్కల్లా ఆ తొందరలోనే ఉంది. దుంపను ఎంత తిప్పిచూసినా లోపలి వైరస్ కంటికి కనబడదు. వేసవిలో మొక్కను కనిపెట్టి, తెగులున్నదాన్ని పీకి పారేసిన రైతుకే తన సరుకు సంగతి కొంతైనా తెలుస్తుంది. ఆ వేసవంతా వీడియోలకే పోతే?

మన హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లోనూ భయం అదే. బతుకమ్మకు పలికిన బంతి ధర పండగ మర్నాడు పలకదు. వాడిపోయే సరుకు ముందు పెట్టుకుని రైతు బేరమాడలేడు. కాబట్టి ఫోను పారేయమని చెప్పను. కొనేవాణ్ణి ముందే వెతుక్కోవడం తెలివే.

ఒక్కమాట గుర్తుంచుకోండి. డాలియా దుంప ఎంత బొద్దుగా ఉన్నా, మెడ దగ్గర కన్ను లేకపోతే మొలకెత్తదు. ఫాలోవర్ల సంఖ్య ఆ బొద్దుతనమే. మీ లెక్కల పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంచండి. కిందటేడు కొన్నవాళ్లలో ఈ ఏడు మళ్లీ వచ్చింది ఎందరో అందులో రాసుకోండి.