మూయుటకు ముందొక ప్రశ్న

 

నేను చదువుకొను దినములలో, కాలేయము గట్టిపడి నెత్తురు కక్కుకొనుచు వచ్చిన రోగికి మేము చేయగలిగినది, ముక్కుగుండా గాలిబుడ్డల గొట్టమును దించి అన్నవాహికలోని సిరలను అదిమిపట్టుటయు, అప్పటికిని ఆగనిచో పొట్ట కోసి సిరకు సిరను కలుపుటయు మాత్రమే. ఆ శస్త్రచికిత్సకు పోయి వార్డునకు తిరిగిరాని వారిని పలువురను చూచితిని. 1988లో జర్మనీయందలి ఫ్రైబుర్గులో, మెడసిరనుండి కాలేయములోనికి సూదిని నడిపి, ద్వారసిరకును కాలేయసిరకును నడుమ లోహపు స్టెంటు నిలిపిన నాటినుండి మా వృత్తి స్వరూపమే మారెను. అట్టి పనులను కోత లేకయే నేడు పట్టభద్రులైన మీరు చేయనేర్చితిరి. అందుకు నాకు గర్వముగా నున్నది.

నన్ను బాధించునది వేరొకటి. ద్వారసిరకును కాలేయసిరకును నడుమ 5 మిల్లీమీటర్ల పాదరసమునకు మించరాని పీడనభేదము 10కి పెరిగినప్పుడు, గట్టిపడిన కాలేయములో దారి చిక్కని రక్తము అన్నవాహికలోను, జఠరములోను, బొడ్డుచుట్టును అంతవరకు నూలుపోగులవలె నున్న సిరలను వెడల్పు చేసికొని గుండెను చేరుకొనును. జఠరములోని అట్టి పార్శ్వసిరను బెలూనుతో అడ్డగించి మందుతో పూడ్చినచో నెత్తురు ఆగును; ద్వారసిరలోని పీడనము మాత్రము తగ్గకపోగా పెరుగును, కొందరికి పొట్టలో నీరు చేరును, అన్నవాహికలోని సిరలు మరింత ఉబ్బును. తెరపై ఆ వంకరసిర మాయమైనంతనే సంబరపడుచు చేతితొడుగులు విప్పివేయుదురేమి నాయనలారా? ఇంతకాలము అటు పారిన రక్తము ఇకమీదట ఎటు పోవునని అడుగవలదా?

స్టెంటుతో పీడనము దించితిమి గదా యని నిశ్చింతగా నుండుటయు తగదు. స్టెంటుగుండా పారి, కాలేయము వడపోయని రక్తము మెదడును చేరును. స్టెంటు పెట్టించుకొనిన యొక రైతు నాకడకు వచ్చినప్పుడు స్కానింగునందు లోపమేమియు కానరాలేదు. ఆయన భార్య గుమ్మముకడ నిలిచి, "పగలంతా పడుకుంటాడయ్యా, రాత్రంతా మేలుకునే ఉంటాడు. చొక్కా గుండీలు పెట్టుకోడం రావట్లేదు" అనెను. చేతులు చాచి మణికట్లు పైకెత్తి నిలుపుమంటిని; అవి నిలువక మాటిమాటికి క్రిందికి వాలిపోయెను. మా యంత్రములకన్న ముందుగా వ్యాధిని గుర్తించినది ఆ యిల్లాలు. లాక్టులోజ్ ఇచ్చి విరేచనము సాగించిన పిమ్మట ఆయన తన గుండీలు తానే పెట్టుకొనెను.

కావున సిరను మూయుటకు ముందు పీడనమును కొలువుడు. స్టెంటుతో దారి తెరచిన పిమ్మట ఇంటివారిని ఎదుట కూర్చుండబెట్టుకొని, రోగి నిద్ర యెట్లున్నదో, మాట యెట్లున్నదో అడుగుడు. వారు చెప్పినదానిని వారి మాటలతోనే కేసుషీటులో వ్రాయుడు.