మూకీ తెర మీద గంగ



సినిమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తెలుగువాళ్లు తీసిన తొలి మూకీల్లో పేరున్నది 'భీష్మ ప్రతిజ్ఞ'. 1921లో వచ్చింది. రఘుపతి వెంకయ్య నాయుడుగారి అబ్బాయి ప్రకాష్‌గారు దర్శకుడు, భీష్ముడూ ఆయనే. మరి గంగ ఎవరు? పెగ్గీ కాస్టెల్లో. పేరు వింటేనే తెలుస్తుంది, తెలుగింటి పిల్ల కాదని.

ఎందుకలాగ? ఆడపిల్ల సినిమాలో వేషం వేస్తానంటే పరువుపోయిందనుకునే రోజులవి. అందుకే మూకీల్లో ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు చాలామంది నటించారు. అలాంటి కుటుంబాలు మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనూ ఉండేవి. మూకీకి భాష అక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలు.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకి మాట వచ్చింది. ఇక తెలుగు మాట్లాడాలి, పాడాలి. లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయిగారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం వారిది. అక్కడ ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవారు. ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పలేదు కనకనే మనకి లీలావతి దొరికింది.

అయ్యా, మన సంఘం నాటకానికి ఇవాళ్టికీ మీసం తీసేసే హవల్దార్ కోసమే వెతుకుతున్నాం! మన ఆడపిల్లలు ఫౌజులో ఆఫీసర్లవుతున్నారు. వచ్చే ఉగాదికి వాళ్లని స్టేజీ ఎక్కనివ్వండి. ఇక్కడ పుట్టిన పిల్లలకి నాలుగు తెలుగు ముక్కలూ వస్తాయి. కరపత్రంలో వాళ్ల పేర్లు మాత్రం మరిచిపోకుండా వేయించండి.

జైహింద్.