ఉపన్యాసమునకు ఎంత కాలము పట్టును?

(వక్తృత్వమునకు సిద్ధపడు విద్యార్థుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభకై మీలో పలువురు ఉపన్యాసములు వ్రాసికొని వచ్చి, “ఇది మూడు నిమిషములలో ముగియునా?” అని మమ్ము అడుగుచున్నారు. ఇది చిన్న ప్రశ్న కాదు. మన సభలో కన్నడమునకు, తెలుగునకు, ఇంగ్లీషునకు చోటీయవలయును. బొమ్మసంద్ర కర్మాగారములలో పనిచేయు తల్లిదండ్రులు కొందఱు రాత్రి షిఫ్టునకు పోవలసినవారు. మొదటివారు మించిన ప్రతి నిమిషమును కడపటి విద్యార్థి వాటానుండియే పోవును. అతని పలుకు వినకయే అతని తల్లి లేచిపోవలసి వచ్చును.

ఇంగ్లీషు పుస్తకములు నిమిషమునకు సుమారు 130 మొదలు 150 మాటలని చెప్పును. ఆ లెక్క తెలుగునకు అతుకదు. “ఐ విల్ నాట్ గో” అను నాలుగు మాటలకు మనకు “వెళ్లను” అను ఒక్క మాట చాలును. విభక్తులును, క్రియాప్రత్యయములును మాటకే అంటుకొని దానిని పొడిగించును. కావున మాటలను విడిచి అక్షరములను లెక్కింపవలయును.

మన పూర్వులు కాలమునే అక్షరములతో కొలిచిరి. క్రీ.శ. 499 ప్రాంతమునాటి ఆర్యభటీయమున, 60 గురువులను పలుకు కాలము ఒక విగడియ. అనగా 24 సెకండ్లు. అట్టి 60 విగడియలు ఒక గడియ. అనగా 24 నిమిషములు. ఈ చొప్పున నిమిషమునకు 150 గురువులు. లఘువునకు అందు సగమే కాలము గనుక 300 లఘువులు. అయితే ఇది నిదానముగ పలుకు కొలత. సభలో పలువురు ఇంతకంటె వడిగా మాట్లాడుదురు. అందుచే ఎవరి వడిని వారే కనుగొనవలయును.

విధానము సులభము. మీ వ్యాసమును సభలోవలె నిలువబడి, బిగ్గరగా ఒక నిమిషము చదువుడు. ఆగిన చోట గుర్తు పెట్టి అక్షరములు లెక్కింపుడు. ఒత్తులున్నను అది ఒక్క అక్షరమే. సున్నయు పొల్లును వేఱుగ లెక్కకు రావు. నిమిషమునకు 240 అక్షరములు వచ్చినవనుకొందము. మూడు నిమిషములకు 720 అగును. కాని 720 వ్రాయరాదు. 600 మాత్రమే వ్రాయుడు.

మిగిలిన అరనిమిషమేల? 2025 ఆగస్టు 10న ప్రారంభింపబడిన పసుపు మార్గపు మెట్రోను చూడుడు. ఆర్.వి. రోడ్డునుండి మన బొమ్మసంద్రకు 16 స్టేషన్లు. పరుగునకే కాక ఆగుటకును కాలము పట్టును. ఉపన్యాసమున సంబోధన, ఊపిరి, సభ్యుల చప్పట్లు అట్టి స్టేషన్లు.

అంకెల విషయమునను జాగ్రత్త వలయును. ఆంధ్రప్రదేశమును, నేడు కర్ణాటకమనబడు విశాల మైసూరు రాష్ట్రమును ఒకే దినమున, 1956 నవంబరు 1న, ఏర్పడినవి. 1956 అని వ్రాయుటకు నాలుగే అంకెలు. “పందొమ్మిదివందల యాభై ఆరు” అని పలుకుటకు పదునొకండు అక్షరములు.

వ్యాసము మించినచో వడి పెంచి చదువకుడు. వెనుక వరుసలోని పెద్దలకు ఒక్క మాటయు అందదు. ఒక ఉదాహరణమును తీసివేయుడు. ఇంటియొద్ద మూడు మాఱులు గడియారము చూచి చదివి రండు. ఈ యేటి సభలో మొదటి వక్తకు దక్కిన కాలమే కడపటి వక్తకును దక్కవలయునని మా కోరిక.