నీటిని వీడి నూనెలోకి
(అరాద్ తెలుగు తరగతి బాలబాలికలకు చేసిన ప్రసంగం)

బాలబాలికలారా!

అరాద్ కోట ప్రక్కనున్న సముద్రాన్ని మీరు రోజూ చూస్తున్నారు. ఆ నీటిలో కరగిన ఉప్పు కంటికి కనిపించదు. అటువంటి ఉప్పునీటినుండి ఉప్పును వేరుచేసిన తరువాతనే, చాలావరకు, మీ ఇళ్ళ కుళాయిలకు నీరు వస్తున్నది. కలిసిపోయినదానిని వేరుచేయడం మనిషి నేర్చిన గొప్ప విద్య. ఆ విద్యలోని ఒక మెళకువను ఈనాడు మీకు చెబుతాను. దానిని ‘ద్రావణి నిష్కర్షణ’ అంటారు.

పేరు విని బెదరకండి. దాని సూత్రం మీ వంటింట్లోనే ఉన్నది. పులుసు కాగిన తరువాత పైన తేలిన నూనెను చూడండి, ఎర్రగా మెరుస్తుంది. ఉప్పు, పులుపు క్రింది నీటిలోనే ఉంటాయి. మిరపకాయ ఎరుపు మాత్రం నూనెలో చేరుతుంది. నీరూ నూనే ఒకదానిలో ఒకటి కలవవు. వాటి మధ్య పడిన పదార్థం తనకు అనువైన చోటికి పోతుంది.

మరి లోహాల సంగతి ఏమిటి? నీటిలో కరగిన లోహం విద్యుదావేశంగల అయానుల రూపంలో ఉంటుంది. నీటి అణువులు ఆ అయానులను చుట్టుముట్టి ఉంటాయి. అందుచేత వట్టి నూనె పోసి కలిపితే అవి కదలవు. వాటిని చేయిపట్టి తీసుకొనిపోయే తోడు కావాలి. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రవం అటువంటి తోడు. దానిని కిరోసిన్‌లో కలిపి వాడతారు. 1932లో మీ దీవిలోనే జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది కదా! అటువంటి ముడి చమురునుండే కిరోసిన్ తీస్తారు.

ఇప్పుడు హైదరాబాదుకు పోదాం. అక్కడ 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అనే సంస్థ ఏర్పడింది. అణు విద్యుత్ కేంద్రాలలో ఇంధనాన్ని ఉంచే గొట్టాలను అక్కడ జిర్కోనియం మిశ్రలోహంతో తయారుచేస్తారు. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపు మింగదు. అందుకే దానిని ఎన్నుకొన్నారు. కాని చిక్కు ఒకటి ఉన్నది. జిర్కాన్ ఇసుకలో జిర్కోనియంతోపాటు నూటికి సుమారు రెండు పాళ్ళు హాఫ్నియం ఉంటుంది. ఈ రెండూ కవలపిల్లలవంటివి. గుణాలలో ఎంత దగ్గర అంటే, 1923లో కోపెన్‌హేగెన్‌లో కోస్టర్, హెవెసి అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టేదాకా హాఫ్నియం ఉన్నదనే ఎవరూ గుర్తించలేకపోయారు. అయితే హాఫ్నియం న్యూట్రాన్లను జిర్కోనియం కంటే 500 రెట్లకు పైగా మింగుతుంది. అది గొట్టంలో మిగిలితే పని చెడుతుంది. పది లక్షల పాళ్ళలో నూరు పాళ్ళకు మించి ఉండరాదు.

కవలలను వేరుచేయడం ఎట్లా? ఇసుకను కాస్టిక్ సోడాతో వేడిచేసి, కడిగి, నత్రికామ్లంలో కరగిస్తారు. ఆ ద్రావణాన్ని మనం చెప్పుకొన్న కిరోసిన్ ద్రావణితో కలియబెడతారు. జిర్కోనియం తోడు దొరికి పైకి పోతుంది. హాఫ్నియం ఎక్కువభాగం నీటిలోనే నిలిచిపోతుంది. తరువాత జిర్కోనియంను మరొక జల ద్రావణంలోకి దింపుతారు. ఖాళీ అయిన ద్రావణి మళ్ళీ పనికివస్తుంది.

ఒక్కసారి కలిపితే చాలదు. చిన్న లెక్క చూడండి. ఒక లీటరు నీటిలో 64 గ్రాముల లోహం ఉన్నదనుకొందాం. ఒక లీటరు ద్రావణిని పోస్తే నాలుగింట మూడువంతులు దానిలోకి పోతుందనుకొందాం. నీటిలో 16 గ్రాములు మిగులుతాయి. కొత్త ద్రావణి మరొక లీటరు పోస్తే 4, ఇంకొక లీటరు పోస్తే 1 గ్రాము మాత్రమే మిగులుతుంది. అదే మూడు లీటర్లనూ ఒకేసారి పోస్తే 6 గ్రాములకు పైగా నీటిలోనే ఉండిపోతుంది! బియ్యాన్ని మీ అమ్మమ్మ కొద్దికొద్ది నీటితో మూడుసార్లు ఎందుకు కడుగుతుందో ఇప్పుడు తెలిసిందా?

చివరిగా ఒక మాట. లోహం తీసిన తరువాత మిగిలిన నీటిలో ఆమ్లం, లవణాలు ఉంటాయి. దానిని శుద్ధిచేయకుండా వదిలితే చెరువులూ బావులూ చెడతాయి. కావలసినదానిని తీసుకోవడం సగం పనే. మిగిలినదానికి బాధ్యత వహించడం మిగతా సగం. అరాద్ ఖాతంలో వాలే పక్షులను చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంటికి పోయి గాజు సీసాలో నీరు, చిటికెడు పసుపు, కొంచెం వంటనూనె పోసి, మూతపెట్టి బాగా కుదిపి ఉంచండి. నూనె ఏ రంగుకు మారిందో రేపు తరగతిలో చెప్పండి. కిరోసిన్, ఆమ్లాల జోలికి మాత్రం పోకండి.

సెలవు.