తండ్రెవరని అడగని చట్టం

(దళిత ఉపాధ్యాయ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్మశానానికి దారి కోసం, అసైన్డు భూమి పట్టా కోసం కొట్లాడుతున్న వాళ్లం, అమెరికా సంగతి మనకెందుకని కొందరు మిత్రులు ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ట్రంపు రెండోసారి గద్దెనెక్కిన రోజున, అంటే 2025 జనవరి 20న, సంతకం పెట్టిన ఒక ఉత్తర్వును చదివినప్పుడు మాకు అమెరికా కనపడలేదు. మన ఊరు కనపడింది.

ఆ ఉత్తర్వు ఏమంటుంది? బిడ్డ అమెరికా గడ్డ మీదే పుట్టినా సరే, తల్లి అనుమతి లేకుండా వచ్చినదైతేనో, చదువు వీసా మీదో ఉద్యోగపు వీసా మీదో తాత్కాలికంగా ఉంటున్నదైతేనో, తండ్రి చూస్తే పౌరుడూ కాక, గ్రీన్‌కార్డు ఉన్నవాడూ కాకపోతే, ఆ బిడ్డను పౌరుడిగా గుర్తించవద్దు అంటుంది. 30 రోజుల తర్వాత పుట్టే పిల్లలందరికీ ఇదే వర్తించాలంది.

మేము బడిపంతుళ్లం. మా ఇళ్లలో బడిమెట్లు ఎక్కిన మొదటి తరం మాదే. ఊళ్లో కొత్త పిల్లవాడు కనపడితే పెద్దమనుషులు అడిగే మొదటి మాట "ఎవరబ్బాయివిరా?" అని. ఆ ప్రశ్న తండ్రి పేరు తెలుసుకోడానికి కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. జవాబును బట్టి అరుగు మీదికి రమ్మనాలా, కిందే నిలబడమనాలా అన్నది తేలుతుంది. పిల్లవాడు ఏం చేశాడన్నది లెక్కలోకి రాదు, ఎవరికి పుట్టాడన్నదే లెక్క. దీన్నే మనం కులం అంటున్నాం.

ఇప్పుడు అమెరికా చట్టం ఎలా పుట్టిందో చూడండి. డ్రెడ్ స్కాట్ అనే నల్ల బానిస తనకు స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కాడు. 1857లో అక్కడి సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, ఇప్పుడు బానిసలైనా కాకున్నా, ఈ దేశ పౌరులు కాలేరు పొమ్మంది. ఎక్కడ పుట్టావన్నది కాదు, ఎవరికి పుట్టావన్నదే చూస్తామంది. మనువు చెప్పినదానికీ దీనికీ తేడా ఏముంది?

ఆ తీర్పును కడగడానికి నాలుగేళ్ల యుద్ధం కావాల్సి వచ్చింది. ఆరు లక్షల మందికి పైగా చచ్చారు. 1868లో రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ వచ్చింది. ఈ దేశంలో పుట్టి, ఈ దేశ చట్టానికి లోబడిన ప్రతి మనిషీ పౌరుడే అని దాని సారం. ఆ మాటలో తండ్రి లేడు, తాత లేడు, రంగు లేదు. ఆ రాత రాయించింది నల్లవాళ్ల నెత్తురు. (అక్కడి ఆదివాసీలను మాత్రం ఈ వాక్యంలోంచి కూడా బయటికి నెట్టారు. వాళ్లందరికీ పౌరసత్వం 1924 దాకా రాలేదు. ఇదీ మరవొద్దు.)

తర్వాత చైనా వాళ్ల వంతు. 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్లి తిరిగొస్తే, 1895లో ఓడ దిగనివ్వలేదు. నీ తల్లిదండ్రులు చైనా వాళ్లు గనక నువ్వూ చైనా వాడివే అన్నారు. అతను కొట్లాడి, 1898లో సుప్రీంకోర్టులో గెలిచాడు. ఒక వంటవాడు గెలిచిన ఆ కేసే ఇన్నాళ్లూ కోట్లాది బిడ్డలకు గొడుగు.

మరి ఉత్తర్వును మెచ్చుకునేవాళ్లకు వాదన లేదా అంటే ఉంది. దొంగచాటుగా వచ్చినవాళ్లు, తాత్కాలికంగా ఉన్నవాళ్లు "దేశ చట్టానికి పూర్తిగా లోబడినవాళ్లు" కారంటారు. ఇంగితంతో ఆలోచించండి. లోబడకపోతే వాళ్లను పోలీసులు ఎట్లా పట్టుకుంటున్నారు? జైల్లో ఎట్లా పెడుతున్నారు? వాళ్ల జీతంలోంచి పన్ను ఎట్లా కోస్తున్నారు? శిక్షకు పనికొచ్చే చట్టం హక్కు దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోతుందా? ఈ ఎత్తు మనకు కొత్త కాదు. ఊరి కట్టుబాట్లన్నీ వెలివాడకు వర్తిస్తాయి, ఊరి బావి మాత్రం వర్తించదు.

కాన్పు కోసమే విమానమెక్కి వచ్చేవాళ్లున్నారు గదా అంటారు. ఉండొచ్చు. దాన్ని వీసా ఇచ్చే బల్ల దగ్గర ఆపుకోవాలి గాని, పురిటి మంచం దగ్గర కాదు. సరిహద్దు దాటింది తల్లయితే బిడ్డ చేసిన నేరమేమిటి? ఈ మాట 1982లోనే తేలింది. అనుమతి లేకుండా వచ్చినవాళ్ల పిల్లలకు ఉచిత చదువు లేదని టెక్సాస్ రాష్ట్రం చట్టం చేస్తే, ఒక ఊళ్లో ఏడాదికి వెయ్యి డాలర్ల ఫీజు కట్టమన్నారు. పెద్దలు చేసినదానికి పిల్లలను శిక్షించడం న్యాయం కాదని సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయితే 5-4 తేడాతో. అంటే ఒక్క న్యాయమూర్తి అటు తిరిగి ఉంటే ఆ పిల్లలు బడి బయటే. పంతుళ్లుగా మాకు ఇది చదివితే ఒళ్లు జలదరించింది.

అసలు ప్రమాదం మొదటి తరంతో ఆగదు. ఉత్తర్వు అమలైతే ఏటా సుమారు 2,55,000 మంది బిడ్డలు పౌరసత్వం లేకుండా పుడతారని అక్కడి వలస విధాన పరిశోధకులు 2025లో అంచనా వేశారు. ఆ బిడ్డ పెద్దయి ఇంకో బిడ్డను కంటే? వేరే దేశం చూడనివాళ్లు, ఉన్న దేశంలో లెక్కలేనివాళ్లు తరాల పాటు పెరుగుతారు. ఊహ కాదిది. డొమినికన్ రిపబ్లిక్‌లో 2013లో అక్కడి రాజ్యాంగ కోర్టు, హైతీ నుంచి వచ్చిన కూలీల సంతతి పౌరసత్వాన్ని 1929 దాకా వెనక్కి వెళ్లి మరీ తుడిచేసింది. చెరకు తోటల్లో ఒళ్లు విరుచుకున్న నల్లవాళ్ల మనవలు ఒక్క రోజులో పరాయివాళ్లయ్యారు. వాడ ఇట్లాగే కట్టబడుతుంది.

పైగా కాగితాలు. ప్రతి కాన్పు దగ్గరా తల్లి ఏ వీసా, తండ్రి ఎవరు అని నిరూపించుకోమంటే నలిగేది ఎవరు? కుల ధ్రువపత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన ఏ తల్లినడిగినా చెబుతుంది.

నిజం చెప్పుకోవాలి. యూరపు దేశాలు చాలావరకు ఇట్లా గడ్డను బట్టే పౌరసత్వం ఇవ్వవు. మన దేశమూ 1955లో ఇచ్చిన హక్కును 1987 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలని, 2004 నుంచి రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్లు కారాదని కుదించింది. మనవాళ్లు దానిమీద అప్పుడు గట్టిగా మాట్లాడలేదు. ఇప్పుడైనా మాట్లాడాలి.

అమెరికా కోర్టుల్లో నడిచిన కథ క్లుప్తంగా చెబుతాం. జనవరి 23న, మూడో రోజునే, సియాటిల్‌లో ఒక జడ్జి ఉత్తర్వును ఆపాడు. ఆ జడ్జిని నియమించింది ట్రంపు పార్టీ అధ్యక్షుడు రీగనే. జూన్‌లో సుప్రీంకోర్టు ఉత్తర్వు మంచిచెడ్డల జోలికి పోకుండా, దేశమంతటికీ స్టే ఇచ్చే కింది జడ్జీల చేతులు కట్టింది. జూలైలో న్యూహాంప్‌షైర్ కోర్టు పుట్టబోయే బిడ్డలందరినీ ఒక్క కక్షిదారుగా తీసుకుని మళ్లీ ఆపింది. డిసెంబరులో అసలు ప్రశ్నను సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది.

ఇక మన తెలుగువాళ్లు. హెచ్-1బి వీసా మీదున్నవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు దండిగా ఉన్నారు. గ్రీన్‌కార్డులో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి వల్ల దశాబ్దాల తరబడి వరసలో ఉంటారు. ఉత్తర్వు వాళ్ల పిల్లల మీదా పడింది. అంబేద్కర్ పేరిట ఉన్న విదేశీ విద్యా పథకంలో వెళ్లిన మన వాడల పిల్లలూ అక్కడున్నారు. అందరి బిడ్డల పక్షానా మనం నిలబడాలి, అందులో సందేహం లేదు.

కానీ ఒక పాత కేసు గుర్తు చేయాలి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో కొట్లాడాడు. వివక్ష తప్పు అని అతని తరఫున వాదించలేదు. మేం ఉన్నత కులపు ఆర్యులం, తెల్లవాళ్లమే, కింది జాతులను మీరు నల్లవాళ్లను చూసినట్టే మేమూ దూరం పెడతాం అని వాదించారు. కోర్టు వినలేదు. అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాన్నీ గుంజుకున్నారు. కులం చూపిస్తే తలుపు తెరుస్తారనుకున్నారు, మొహమ్మీదే వేశారు. చివరికి 1965లో వలస చట్టం మారి మన ఇంజనీర్లకు, డాక్టర్లకు దారి తెరుచుకున్నది నల్లవాళ్ల హక్కుల పోరాటం లేపిన గాలికే.

ఆ ఉత్తర్వును మొదట ఆపిన సియాటిల్ నగరమే, 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం. దాన్ని వద్దని సభల్లో నిలబడి మాట్లాడినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లున్నారు. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ పాసు చేసిన అట్లాంటి బిల్లును అక్టోబరులో గవర్నరు తిప్పికొడితే పండగ చేసుకున్నారు. ఈసారి అక్కడినుంచి పెద్దింటి చుట్టాలెవరైనా మీ ఊరు వచ్చి ట్రంపు అన్యాయం గురించి చెబితే, ఓపిగ్గా వినండి, సానుభూతి చెప్పండి. ఆ తర్వాత అడగండి: బిడ్డ పుట్టినప్పుడు తండ్రెవరని అడగకూడదన్న మీరు, ఆఫీసులో పక్క కుర్చీ కుర్రాడి ఇంటిపేరు, ఊరు, వాళ్ల నాన్న ఏం చేస్తాడన్నది ఎందుకు ఆరా తీశారని.