శిస్తు బకాయి వేలం – వారసుల హక్కు

దరియాలతిప్పలో కాపురముంటూ అవతల ఆంధ్రలో పొలం ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. యానాంకు 1970 నాటి పుదుచ్చేరి చట్టం వేరే ఉంది. ఆంధ్రలో 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం వర్తిస్తుంది.

నీటి తీరువా బకాయికి తండ్రిగారి భూమి వేలమైతే వారసుల హక్కు వెంటనే పోదు. భూమిలో హక్కున్నవారు ఎవరైనా 30 రోజుల్లోగా బకాయి, వడ్డీ, వేలం ఖర్చులు, పాటసొమ్ముపై నూటికి 5 చొప్పున ఖజానాలో కట్టి, వేలం రద్దుకు కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కరు ముందుకొచ్చినా చాలు.

గడువు వేలం రోజు నుంచే లెక్క. మనకు తెలిసిన రోజు నుంచి కాదు. నోటీసు గతించినవారి పేరున వస్తే ఎవరికి అందుతుంది? అందుకే పెద్దలు పోగానే పట్టా వారసుల పేర్లకు మార్పించుకోండి. కట్టిన రశీదులు భద్రపరచండి.