పరీక్షకునకు పరీక్ష

బడిలో సున్న వచ్చినవాఁడు తప్పినట్లు. కమాండ్ లైనులో సున్న వచ్చిన ప్రోగ్రాము నెగ్గినట్లు. ఈ విపర్యయమును నేను ముదిమియందు మనుమని వలన నేర్చితిని.

అతఁడు పద్యముల గణయతులను విచారించు ప్రోగ్రాము నొకదానిని వ్రాసెను. కృత్రిమమేధతో నడచు పరికరమునకు ఒక్క పంక్తిలో ఆజ్ఞ యీయఁగా, అది యా ప్రోగ్రామును చదివి, 40 పరీక్షలు తానే కల్పించి, నడపి, సున్న చూపెను. మేము సంతసించితిమి.

మఱునాఁడు నా శిష్యుని ఉత్పలమాలను ప్రోగ్రాము యతిభంగమని త్రోసివేసెను. దాని మాట నమ్మి బాలుని మందలించితిని. అతఁడు కన్నీరు తుడుచుకొని వ్రేళ్లపై లెక్కించి చూపెను. పద్యము నిర్దుష్టము! ఉత్పలమాలకు యతిస్థానము 10వ అక్షరము, చంపకమాలకు 11వది. మనుమఁడు రెంటికిని 11 అనియే వ్రాసినాఁడు. పరికరమో, ప్రోగ్రాము చెప్పినదానినే ఒప్పుగాఁ గొని పరీక్షలు కూర్చినది. విద్యార్థి జవాబుపత్రమును జూచి ఉపాధ్యాయుఁడు సమాధానములు సిద్ధపఱచుకొన్నట్లయినది.

అంతట నేను లక్షణము చెప్పఁగా, యతి చెల్లిన పద్యములను, చెల్లనివానిని మనుమఁడు పరీక్షలలోఁ జేర్చెను. మరల నడపఁగా సున్నకు మాఱుగా ఒకటి వచ్చెను; తప్పు పట్టువడినది. దిద్దిన పిదప సున్న వచ్చినది. బాలుని పిలిచి, తప్పు నాదేయని యొప్పుకొంటిని.

యంత్రము వేయి పరీక్షలు పెట్టఁగలదు. ఒప్పేదియో చెప్పవలసినవాఁడు లక్షణ మెఱిఁగినవాఁడే.